డెన్నిస్ లిల్లీ నడుమునొప్పి

ఓరుగల్లు శ్రోతలకు నమస్కారం.

ఎండాకాలం సెలవుల్లో పొద్దున్నే సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్తే, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు అంత దూరం నుంచి ఉరికొచ్చి బంతి వేస్తుంటారు. పది ఓవర్లయినా ఆగరు. ఆ పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీ సంగతి తెలుసుకోవాలి.

లిల్లీది ఆస్ట్రేలియాలోని పెర్త్. 1971లో అడిలైడ్‌లో ఇంగ్లండ్ మీద తొలి టెస్టు, తొలి ఇన్నింగ్స్‌లోనే 5 వికెట్లు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ పర్యటనలో 31. అప్పుడాయనది ఒట్టి వేగం. 1973లో వెస్టిండీస్ పోయాక నడుము తిరగబడింది. కింది వెన్నుపూసల్లో సన్నటి పగుళ్లు. ఆరు వారాలు నడుముకు ప్లాస్టర్ కట్టారు.

పగుళ్లు ఎందుకొస్తాయంటే, ముందుకాలు నేలను తాకిన క్షణంలో ఒంటి బరువుకు ఐదారు రెట్ల తాకిడి పైకి ఎక్కుతుంది. సరిగ్గా అప్పుడే నడుము పక్కకు వంగి ఉంటుంది. తుంటి బ్యాటర్ వైపు, భుజాలు పక్కకు తిరిగి ఉంటే తడి బట్ట పిండినట్టు వెన్ను మెలిపడుతుంది. దీన్నే మిక్స్‌డ్ యాక్షన్ అంటారు. కుడిచేతి బౌలర్‌కు నొప్పి చాలావరకు ఎడమవైపు వస్తుంది, వెనక్కి వంగితే పొడుస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. పట్టేసిందిలే అని మందు రాసుకుని మళ్లీ బంతి పట్టడమే అసలు ప్రమాదం.

ఫోన్‌లో స్లోమోషన్ తీసి చూడండి. వెనుకకాలు నేల మీద పడ్డ చోట బొమ్మను ఆపండి. తుంటి, భుజాలు రెండూ ఒకే దిక్కుకు ఉండాలి. పక్కకైనా సరే, ముందుకైనా సరే.

లిల్లీ ఏం చేశాడు? పెర్త్‌లోని యూనివర్సిటీలో వ్యాయామ శాస్త్ర నిపుణుడు ఫ్రాంక్ పైక్ దగ్గర నెలల తరబడి కండరాలకు బలం తెచ్చుకున్నాడు. 1974 నవంబరులో తిరిగొచ్చి, ఇంగ్లండ్‌తో ఆడే యాషెస్ సిరీస్‌లో 25 వికెట్లు తీశాడు. తర్వాత్తర్వాత వేగానికి తెలివి తోడైంది. లెగ్ కట్టర్ ఆయన గొప్ప ఆయుధం: వదిలేటప్పుడు వేళ్లతో బంతిని కోసినట్టు లాగితే, కుడిచేతి బ్యాటర్‌కు లెగ్ నుంచి ఆఫ్ వైపు, అంటే కాళ్ల వైపు నుంచి బయటికి జరుగుతుంది. బ్యాటు అంచు తగిలితే వెనక వికెట్ కీపర్ రాడ్ మార్ష్ ఉండనే ఉన్నాడు. టెస్టుల్లో ఈ జోడీకి 95 క్యాచులు! 1981 ఒక్క ఏడాదిలోనే 85 వికెట్లు. 1984లో ఆట మానేసేనాటికి 70 టెస్టుల్లో 355. పాకిస్తాన్ పిచ్‌లు మాత్రం లొంగలేదు, 1980లో అక్కడ మూడు టెస్టుల్లో మూడే వికెట్లు.

మన దేశంలో ఒక్క టెస్టు కూడా ఆడలేదు. కానీ 1987 నుంచి చెన్నైలోని ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన పిల్లలకు నేర్పాడు. శ్రీనాథ్, జహీర్ ఖాన్ అక్కడ సాన పట్టినవాళ్లే.

మనవైపు సిమెంటు పిచ్ మీద చాప పరిచి ఆడతారు, నేల కాలికి ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే మడమ దగ్గర మందంగా ఉన్న బూట్లు తొడగనివ్వండి. ఒక స్పెల్‌కు, అంటే విరామం లేకుండా వేసే విడతకు, ఐదు ఓవర్లు చాలు. టెన్నిస్ బంతితో వేసిన ఓవర్లు కూడా లెక్కలోకే వస్తాయి. నడుములో ఒకేచోట నొప్పి వారం దాటిందంటే, బంతి పక్కన పెట్టించి ఎముకల డాక్టరుకు చూపించండి.