గని అనే ఊరు

నమస్తే అండీ. ఈ వీడియో గోల్కొండ కోట పైనుంచి మొదలుపెడదామని పొద్దున్నే బాలాహిస్సార్ ఎక్కాం. అక్కడ మా వెనక ఒక గైడ్ పర్యాటకులకి చెబుతున్నాడు: "కోహినూర్ ఇక్కడే దొరికింది సార్, ఈ కొండలోనే." నేను ఏమీ అనలేదు. ఆయన పొట్ట కొట్టడం ఎందుకు.

కానీ మీకు చెప్పాలి కదా. గోల్కొండ కొండ మొత్తం గ్రానైటు రాయి. ఇందులో ఒక్క రవ్వ కూడా దొరకలేదు. గోల్కొండ వజ్రాల సంత, అంతే. వర్తకులు కోట దగ్గరి కార్వాన్ పేటలో దిగేవాళ్లు, సుల్తాన్ వాటా సుల్తాన్‌కి వెళ్లేది, పేరు కోటకి వచ్చింది. తవ్విన ఊళ్లు వేరే ఉన్నాయి. వాటిలో పెద్దది కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు. ఇప్పుడు పల్నాడు జిల్లా. ఈరోజు మన కథ ఆ ఊరిదే.

ఆ ఊరి గురించి వివరంగా రాసిపెట్టినవాడు తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు. 1640లలో అక్కడికి వెళ్లాడు, 1676లో పుస్తకం వేశాడు. గోల్కొండ నుంచి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణం అంటాడు. ఇంకో మాట కూడా రాశాడు, అది చదివి నేను పగలబడి నవ్వాను. "ఈ చోటుని దేశభాషలో గని అంటారు, పారసీలో కొల్లూరు అంటారు" అట! ఎవరినో ఆపి "ఇదేంటి?" అని అడిగి ఉంటాడు. ఆ మనిషి "గని" అని ఉంటాడు. ఈయన అదే ఊరి పేరనుకుని రాసేసుకున్నాడు. నా ఊహే అనుకోండి. కానీ తెలుగు వచ్చినవాడు ఒక్కడు పక్కన ఉండి ఉంటే ఆ వాక్యం అలా పడేది కాదు.

దాంతో ఐరోపాలో చదివినవాళ్లకి అది "గని కులూర్" అయిపోయింది. అదెక్కడుందో తేల్చిన మనిషి వాలెంటైన్ బాల్. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఐరిష్ ఆయన. తావెర్నియే పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1889లో అచ్చు వేశాడు. ఆ "గని" అనేది పారసీ "కాన్-ఇ" అని, అంటే కొల్లూరు గని అని అర్థం చెప్పాడు. పారసీ అయినా తెలుగు అయినా తేలింది ఒకటే, అది ఊరి పేరు కాదు.

ఇక దారి. తావెర్నియే గోల్కొండ నుంచి మజిలీలన్నీ దూరాలతో సహా రాశాడు. స్క్రీన్ మీద చూడండి. మొదటిది అల్మాస్‌పిండా. అల్మాస్ అంటే వజ్రమే, దారి పేరులోనే సరుకు ఉంది. తర్వాత కాపేర్, మోంతెకూర్... ఇవి ఎంత నాలుక తిప్పినా నాకు లొంగలేదు. కిందకి రండి. సర్వరోన్. దాని తర్వాత మెల్లసెరోన్. పైకి చదవండి ఒకసారి. మెల్ల, సెరు... మేళ్లచెరువు! సూర్యాపేట జిల్లాలో ఉన్న మేళ్లచెరువే. ఈరోజు అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలకి సున్నపురాయి తవ్వుతున్నారు. ఆ దారి పొడుగునా తవ్వకం మానలేదు, రాయి మారిందంతే.

మేళ్లచెరువు తర్వాత పోనొకూర్ అని ఇంకో మజిలీ. ఆ తర్వాత ఒక్క ముక్క: కొల్లూరుకి వెళ్లాలంటే మధ్యలో ఏరు దాటడమే మిగిలింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

గని ఎలా ఉండేదో కూడా రాశాడు. బొగ్గు గనిలాగా సొరంగాలు కాదు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల గుంతలు. నీళ్లు పడేదాకా తవ్వేవాళ్లు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవాళ్లు. రెండడుగుల గోడ కట్టిన మడిలో ఆ మట్టి పోసి, నీళ్లు పెట్టి బురద కడిగేసి, మిగిలింది ఎండబెట్టి, ధాన్యంలాగా తూర్పారబట్టేవాళ్లు. ఆఖరికి చేతులతో ఏరడం. పని మొదలుపెట్టే ముందు దేవుడికి మొక్కి, పూజారి చేత నుదుట బియ్యపు గింజలు అద్దించుకుని, అందరూ కలిసి కూర్చుని అన్నం తినేవాళ్లట. అరవై వేల మంది అంటాడు. అంతకు ముందు, 1620ల నాటి మెథ్‌వోల్డ్ అనే ఇంగ్లీషు ఆయన ముప్పై వేలు అన్నాడు. రెండూ గుండ్రటి లెక్కలే. తల లెక్కపెట్టి ఉండరు. సగానికి సగం తగ్గించినా అది మామూలు ఊరు కాదు.

ఇదంతా ఒక పేదవాడు చిరుధాన్యం చల్లుకోవడానికి నేల తవ్వుతుంటే మొదలైందని తావెర్నియే విన్నాడు. ఆ రాయి దాదాపు 25 కేరట్లు. ఆయన పేరు మాత్రం ఎవరూ రాయలేదు. ఫ్రాన్స్ రాజు లూయీ 14కి తావెర్నియే అమ్మిన నీలి వజ్రం కూడా కొల్లూరుదేనని చాలామంది నమ్మకం. దాన్నుంచి చెక్కిందే హోప్ డైమండ్, వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. దానికి అద్దాల గది, కాపలా. కొల్లూరుకి పులిచింతల ప్రాజెక్టు నీళ్లు. 2013 డిసెంబర్‌లో ప్రారంభమైంది, 45.77 టీఎంసీల రిజర్వాయర్. ఊరు ముంపులో పోయింది.

అందుకని ఆ చోటు తెలిసిన మనిషి కోసం వెతికాను. దూరం వెళ్లక్కర్లేకపోయింది. మా ఫ్రెండ్ వాళ్ల మామగారిది ఆ ముంపు ప్రాంతమే. ఇప్పుడు వనస్థలిపురంలో కూతురి దగ్గర ఉంటున్నారు. కెమెరా వద్దన్నారు, అందుకే మీకు ఆయన కనపడరు.

వజ్రాల గురించి అడిగితే ఆయనకి విసుగు. "మా చేతికి ఏం దొరికినయ్యి అబ్బాయ్, గుంతలు దొరికినయ్యి. వానాకాలం నీళ్లు నిలిచేయి, గొడ్లు తాగేయి." మిరప తోటల గురించి మాత్రం అరగంట చెప్పారు. నేను చప్పున తావెర్నియే దారి గురించి అడిగాను: మేళ్లచెరువు వైపు ఎలా వెళ్లేవారండీ?

"బల్లకట్టు ఎక్కి. ఏరు దాటితే అవతలంతా మా చుట్టాలేగా. మా అమ్మది ఆ ఒడ్డే."

అంగుళానికి మైలు లెక్కన గీసిన పాత టోపోషీట్, అంటే సర్వే పటం, ప్రింట్ తీసుకెళ్లాను. మంచం మీద పరిచాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఏటి వంపు దొరికింది, ఊరు దొరికింది. కాసేపటికి వేలు ఒకచోట ఆగింది.

"ఏంది, రేవు ఈడ పెట్టారు? ఇది తప్పు. రావిచెట్టు దాటినాక, ఇంకొంచెం పైన ఉండాల."

పెన్ను అడిగారు. సరిచేసి ఇచ్చారు.