ఏడుపు ఆగిన తరువాత చెవిలో ఏముంది?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా తలచుకోవడం మర్యాదే అయినా, ఒడిలో చంటిబిడ్డలతో ఇంతమంది తల్లిదండ్రులు కనిపిస్తున్నప్పుడు ఆ నాలుగు నిమిషాలూ వారికే ఇవ్వడం న్యాయమని భావిస్తున్నాను, పెద్దలు మన్నించాలి. మధ్యలో బిడ్డ ఏడిస్తే ఎవరూ లేచి బయటికి వెళ్లనక్కరలేదు. చెవి గురించి మాట్లాడుకునే సభలో పసిబిడ్డ ఏడుపు ఎవరికీ అడ్డం కాదు.

2007లో మొదలై ఏటా మార్చి 3న జరుగుతున్న ప్రపంచ వినికిడి దినం సందర్భంగా, పసిపిల్లలకు మళ్లీ మళ్లీ వచ్చే చెవి ఇన్ఫెక్షన్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను వైద్యురాలిని కాను. పిల్లల వినికిడిని పరీక్షించే వృత్తిలో ఉన్నదానిని. నా దగ్గరికి బిడ్డలు జ్వరంతో రారు. జ్వరం తగ్గి, మందు సీసా ఖాళీ అయి, ఇక అంతా సర్దుకున్నదని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్న కొన్ని నెలల తరువాత, పిలిస్తే పలకడం లేదనో, తోటిపిల్లలకు వచ్చిన మాటలు వీడికి రాలేదనో తీసుకువస్తారు. అందుచేత ఈ విషయాన్ని నేను చివరి నుంచి చూసిన మనిషిని, చివర ఏం జరుగుతుందో చెప్పడానికే ఈ పిలుపును అంగీకరించాను.

ముందుగా, ఈ బాధ పసివాళ్లకే ఎందుకు ఎక్కువో తెలుసుకోవాలి. కర్ణభేరికి వెనుక గాలితో నిండి ఉండవలసిన ఒక చిన్న ఖాళీ ఉంది, అదే మధ్యచెవి. అక్కడికి గాలి చేరడానికీ, అక్కడ ఊరే తడి దిగిపోవడానికీ ముక్కు వెనుక భాగం దాకా ఒక సన్నని నాళం ఉంటుంది. పదహారవ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రవేత్త బార్తొలోమియో యుస్టాకి పేరు మీద దానిని యుస్టేషియన్ నాళం అంటున్నాము. పెద్దవారిలో అది సుమారు 36 మిల్లీమీటర్ల పొడవుండి, ఏటవాలుగా కిందికి దిగుతుంది; శిశువులో అందులో సగమే ఉండి, దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. జలుబు చేసినప్పుడు ఆ నాళం వాచి మూసుకుపోతుంది, లోపలి తడికి దారి ఉండదు, ముక్కులోని సూక్ష్మజీవులు ఆ పొట్టి దారిలో సులువుగా పైకి చేరతాయి. న్యుమోకోకస్, హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, మొరాక్సెల్లా అనే మూడు బాక్టీరియాలు ఇందులో ముఖ్యమైనవి. ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య వయసులో ఈ ఇన్ఫెక్షన్లు అత్యధికంగా వస్తాయి. బిడ్డ ఎదిగేకొద్దీ నాళమూ పొడవై ఏటవాలు అవుతుంది కనుక చాలామందిలో ఈ బాధ వయసుతోపాటే తగ్గిపోతుంది. తల్లి పెంపకంలో లోపం వల్ల చెవిపోటు వచ్చిందని ఎవరైనా అంటే, ఆ నాళం పొడవును వారికి చెప్పండి.

ఇక చెవిపోటు వచ్చిన రాత్రి సంగతి. పడుకోబెడితే చెవిలో ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది కాబట్టి, పగలు కాస్త ఆడుకున్న బిడ్డ కూడా రాత్రి పక్క మీద వేయగానే గుక్కపట్టి ఏడుస్తుంది. ఆకలితో పాలకు ఎగబడి, రెండు గుక్కలు తాగి, చప్పరించేటప్పుడు చెవి పోటెత్తడంతో నోరు తీసేసి కేకపెడుతుంది. భుజానికి ఆనించుకుని నిటారుగా ఎత్తుకోవడం, పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టడం ఆ సమయానికి మేలు చేస్తాయి. నొప్పి తగ్గించడానికి బిడ్డ బరువును బట్టి వైద్యులు చెప్పిన మోతాదులో పెరాసిటమాల్ ఇవ్వాలి. ఐబుప్రొఫెన్ ఆరు నెలలు నిండిన తరువాతే ఇవ్వాలి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టినా మొదటి ఇరవై నాలుగు గంటల్లో అది నొప్పిని పెద్దగా తగ్గించదు కనుక, నొప్పి మందును చిన్నచూపు చూడవద్దు. వైద్యులు చెవిలోకి చూసి చెప్పనిదే ఏ చుక్కలూ వేయకూడదు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ చుక్కలు లోపలికే పోతాయి. జలుబు మందులు, అలర్జీ మందులు ఈ ఇన్ఫెక్షన్‌ను తగ్గించవని కూడా గుర్తుంచుకోండి. ఒక రాత్రి ఉన్నట్టుండి చెవి నుంచి చీము కారి, ఆ వెంటనే బిడ్డ హాయిగా నిద్రపోతే తల్లి ప్రాణం విలవిలలాడుతుంది. ఒత్తిడికి కర్ణభేరి చిట్లడం వల్ల అలా జరుగుతుంది. చాలామందిలో ఆ చిల్లు కొద్ది వారాల్లో దానంతటదే పూడుతుంది, కాని వైద్యులకు చూపించి తీరాలి.

యాంటీబయాటిక్ విషయంలో ఇంటింటా వాదం జరుగుతుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2013లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, ఆరు నెలలు దాటి రెండేళ్లు నిండని బిడ్డకు ఒక చెవిలోనే ఇన్ఫెక్షన్ ఉండి, నొప్పి స్వల్పంగా, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే, రెండు మూడు రోజులు కనిపెట్టి చూసి, తగ్గకపోతే మందు మొదలుపెట్టవచ్చు. రెండు చెవులకూ వస్తే, జ్వరం తీవ్రంగా ఉంటే, చెవి కారుతుంటే ఆ వయసులో ఎదురుచూడకుండా మందు ఇవ్వాలి. ఆరు నెలలు నిండని పసికందుల విషయంలో ఇటువంటి నిరీక్షణ అసలే పనికిరాదు. ఇచ్చిన మందును చెప్పినన్ని రోజులూ వాడాలి. మళ్లీ రాకుండా ఉండాలని నెలల తరబడి యాంటీబయాటిక్ ఇవ్వడాన్ని ఆ మార్గదర్శకాలు సమర్థించడం లేదు.

నేను అసలు చెప్పదలచినది ఇక్కడ మొదలవుతుంది. ఇన్ఫెక్షన్ తగ్గినా, మధ్యచెవిలో చేరిన నీరు వెంటనే పోదు. రెండు వారాల తరువాత చూస్తే నూటికి అరవై, డెబ్భై మంది పిల్లల్లో ఆ నీరు ఉంటుంది. నెల తరువాత నలభై మందిలో, మూడు నెలల తరువాత పది నుంచి పాతిక మందిలో ఉంటుంది. ఆ నీటికి జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, బిడ్డ ఏడవదు. వినికిడి మాత్రం సగటున 25 డెసిబెల్స్ మేరకు మందగిస్తుంది. పెద్ద చప్పుళ్లు వినిపిస్తాయి, అచ్చులు వినిపిస్తాయి. స, త, క వంటి మెత్తని ధ్వనులు జారిపోతాయి. పక్క గదిలో గిన్నె పడితే ఉలిక్కిపడిన బిడ్డను చూసి, చెవులు బాగానే ఉన్నాయని అందరూ నిర్ణయిస్తారు. ఒక ఇన్ఫెక్షన్ తాలూకు నీరు పోకముందే మరొకటి వస్తే, మాట నేర్చుకోవలసిన నెలలన్నీ ఆ నీటి వెనుకనే గడిచిపోతాయి.

ఒక తల్లిని గురించి చెప్పాలి. నేను మాట్లాడిన ప్రతి సభలోనూ ఆమె ప్రస్తావన వస్తుంది. మళ్లీ విన్నవారు ఓర్చుకోవాలి. ఏడాది దాటిన పాపను తీసుకువచ్చింది. చలికాలమంతా ఒకదాని వెంట ఒకటిగా ఇన్ఫెక్షన్లు, ప్రతిసారీ మందు, ప్రతిసారీ జ్వరం తగ్గడం. కాని ఆమె ఒక సంగతి గమనించింది. ఇదివరకు తండ్రి తలుపు తాళం తీస్తున్న చప్పుడుకే పాప అటు తిరిగేది. ఇప్పుడు ఆయన గదిలోకి వచ్చి కళ్లెదుట నిలిచేదాకా తిరగడం లేదు. ఇదివరకు తాతాతా, బాబాబా అని గంటలకొద్దీ ముచ్చట్లు చెప్పేది. ఇప్పుడు ఆ, ఊ అనే అరుపులే మిగిలాయి. ఈ మాట ఆమె ఒకచోట చెప్పుకుంటే, చెవిలోకి వెలుతురు వేసి చూడనైనా చూడకుండా, మొదటి బిడ్డ కదా, మీకు కంగారు ఎక్కువ అని పంపేశారట. మరొకచోట, జ్వరం లేనప్పుడు చెవి చూడడం దేనికన్నారట. చాలా ఏళ్లయినా ఆ రెండు మాటలూ నాకు మింగుడుపడడం లేదు.

అంత చిన్నపిల్లలను ఎలా పరీక్షిస్తారని చాలామంది అడుగుతారు. నిశ్శబ్దమైన గదిలో తల్లి ఒడిలో బిడ్డను కూర్చోబెట్టి, పక్క నుంచి ఒక ధ్వని వినిపిస్తాము. బిడ్డ అటు తిరిగితే అక్కడ ఒక బొమ్మకు దీపం వెలుగుతుంది. ఆ బొమ్మ కోసం బిడ్డ మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ధ్వనిని తగ్గించుకుంటూ పోయి, ఎంత సన్నని ధ్వనికి తిరుగుతున్నదో రాసుకుంటాము. తల్లి మాత్రం కదలకూడదు, కళ్లతోనైనా సూచన ఇవ్వకూడదు. ఆ రోజు మెత్తని ధ్వని వినిపించినప్పుడు ఆ తల్లికి వినబడింది. ఆమె భుజాలు బిగుసుకోవడం నాకు అద్దంలోంచి కనిపించింది. పాప మాత్రం చేతిలోని రబ్బరు ఉంగరాన్ని నమలుతూనే ఉంది. ఇంకాస్త పెంచాను. ఉంగరం నోట్లోనే ఉంది. మరికొంత పెంచిన తరువాత ఉంగరం ఆగింది, తల తిరిగింది, బొమ్మను చూసి నవ్వింది. తరువాత టింపనోమెట్రీ చేశాము. చెవి రంధ్రంలో గాలి ఒత్తిడిని మార్చి కర్ణభేరి ఎంత కదులుతున్నదో కొలిచే ఆ పరీక్షలో, ఆరోగ్యమైన చెవికి గీత మధ్యలో పైకి లేచి దిగుతుంది. పాప రెండు చెవులకూ గీత పడుకునే ఉంది. కాగితం చూపించి వివరించాను. ఆమె కన్నీళ్లు పెట్టుకోలేదు, "అయితే నేను చెప్పింది నిజమే కదా మేడం?" అని అడిగింది. బిడ్డకు ఏముందో తెలియడం కన్నా తన మాట అబద్ధం కాదని తేలడం ఆమెకు ఆ క్షణాన ముఖ్యమైందంటే, అంతకుముందు ఆమెను ఎంతమంది ఎన్ని విధాల నమ్మకుండా ఉన్నారో ఊహించండి.

ఈ సభలో ఉన్న వైద్యులను, నర్సులను చేతులు జోడించి అడుగుతున్నాను. ఇన్ఫెక్షన్‌కు మందు రాసిన కాగితం మీదనే, మూడు నెలల తరువాత చెవి చూపించవలసిన తేదీ కూడా రాయండి. అప్పటికీ నీరు ఉంటే వినికిడి పరీక్షకు పంపండి. తల్లి వచ్చి బిడ్డ వినడం లేదన్నప్పుడు, ఆ మాటను జ్వరం అంకెలాగే నమోదు చేయండి. తల్లిదండ్రులకూ ఒక విన్నపం: ప్రతి ఇన్ఫెక్షన్ తేదీనీ, ఏ చెవో, ఏ మందో ఒక పుస్తకంలో రాసుకోండి. ఆరు నెలల్లో మూడుసార్లు, లేదా ఏడాదిలో నాలుగుసార్లు వచ్చి వాటిలో ఒకటైనా గత ఆరు నెలల్లో వచ్చి ఉంటే, దానిని పునరావృత ఇన్ఫెక్షన్‌గా లెక్కిస్తారు; ఆ లెక్క జ్ఞాపకం మీద ఆధారపడితే తప్పుతుంది. నీరు ఉన్నంతకాలం బిడ్డకు ఎదురుగా, ముఖం కనబడేలా, దగ్గరగా కూర్చుని మాట్లాడండి. ఆ సమయంలో గదిలోని ఇతర చప్పుళ్లు తగ్గించండి.

గ్రామెట్ అనే చిన్న గొట్టం గురించి భయమూ ఉంది, అతి ఆశా ఉంది. మత్తు ఇచ్చి, కర్ణభేరిలో సన్నని గాటు పెట్టి అమర్చే ఆ గొట్టం మధ్యచెవికి గాలి అందిస్తుంది; సాధారణంగా ఆరు నుంచి పద్దెనిమిది నెలల్లో దానంతటదే ఊడిపోతుంది. మూడేళ్ల లోపు పిల్లల మీద జరిగి 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలకు గ్రామెట్లు వేసినా, వచ్చినప్పుడల్లా మందులతో వైద్యం చేసినా, రెండేళ్లలో ఇన్ఫెక్షన్ల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా రాలేదు. రెండు చెవులలోనూ నీరు మూడు నెలలకు పైగా నిలిచి వినికిడి తగ్గినప్పుడు మాత్రం గ్రామెట్ల గురించి మాట్లాడవలసిందేనని శస్త్రవైద్యుల మార్గదర్శకాలు అంటున్నాయి. అంటే నిర్ణయం చేసేముందు చెవిలో నీరుందో లేదో చూడాలి. ఆ పాపకు నీరు పోలేదు, గ్రామెట్లు వేశారు, తాళం చప్పుడుకు తిరగడం మళ్లీ మొదలైంది. అదే నెలలో వచ్చిన మరో బాబుకు మూడో నెల నిండకుండానే నీరు దానంతటదే పోయింది. ఇద్దరి విషయంలోనూ చెవి చూసి చేసిన నిర్ణయమే సరైనదైంది.

రాకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తొలి ఆరు నెలలు తల్లిపాలు రక్షణ ఇస్తాయి. సీసాతో పట్టేవారు బిడ్డ తల ఎత్తి పట్టుకోవాలి, సీసాను దిండుకు ఆనించి వదిలేయకూడదు. ఆరు నెలలు దాటాక ఉత్త పాలపీకను తగ్గించాలి. ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు. బాల్కనీలో తాగి వచ్చి బిడ్డను ఎత్తుకున్నా బట్టలకు పట్టిన పొగ బిడ్డ దాకా వస్తుంది. న్యుమోకోకల్ టీకా, ఫ్లూ టీకా సమయానికి వేయించాలి. అన్ని ఇన్ఫెక్షన్లనూ ఆపలేకపోయినా వాటి సంఖ్యను తగ్గిస్తాయి.

ప్రమాద సూచనలు ముందే చెప్పమని నిర్వాహకులు కోరారు, ఇంతసేపూ నేను ఆ తల్లి దగ్గరే ఉండిపోయాను. సమయం ముగిసిందని సైగ చేస్తున్నారు కాని ఇవి చెప్పకుండా దిగను. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల జ్వరం వచ్చినా, చెవి వెనుక ఎముక మీద వాపు, ఎరుపు వచ్చి చెవి ముందుకు పొడుచుకువచ్చినట్టు కనిపించినా, ఏడ్చేటప్పుడు ముఖం ఒక పక్కకు లాగినా, మెడ బిగుసుకున్నా, బిడ్డ పాలు మాని మగతగా పడి లేపినా సరిగా లేవకపోయినా, తెల్లవారేదాకా ఆగకండి. ఎంత రాత్రయినా సరే, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.