పట్టు వదలడానికీ శక్తి కావాలి

అందరికీ నమస్కారం. జిమ్‌లో చేరి మూడు వారాలైనా చెయ్యి అర అంగుళం పెరగలేదని మానేసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. ముఖ్యంగా వాళ్ల కోసమే నా మాటలు.

డంబెల్ ఎత్తుతున్న చేతిలోకి తొంగిచూద్దాం. కండపోగుల్లో ఆక్టిన్, మయోసిన్ అని రెండు రకాల దారాలుంటాయి. కండ బిగిస్తే ఈ దారాలు పొట్టివి కావు, ఒకదాని పక్కన ఒకటి జారతాయి. 1954లో ఆండ్రూ హక్స్‌లీ, హ్యూ హక్స్‌లీ వేర్వేరు జట్లతో ఈ సంగతి బయటపెట్టారు. ఇంటిపేరు ఒకటే గానీ బంధువులు కారు.

మన తీరంలో అలివి వల లాగడం చూశారా? తాడు పట్టి లాగుతారు, వదులుతారు, చెయ్యి చాచి మళ్లీ పట్టుకుంటారు. అందరూ ఒక్కసారే వదలరు కనుక వల వెనక్కి పోదు. మయోసిన్ దారం నుంచి పొడుచుకొచ్చి ఆక్టిన్‌ను పట్టుకునే చిన్న తలలు చేసేదీ అదే. నరం కబురు పంపగానే కండపోగులో కాల్షియం విడుదలై, ఆక్టిన్ మీద పట్టు దొరికే చోట్లు తెరుచుకుంటాయి. ఒక్కో లాగుడు మిల్లీమీటరులో సుమారు లక్షో వంతు. అలాంటివి కోట్లు కలిస్తేనే డంబెల్ లేస్తుంది.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా ఉండేది ఒకటుంది. ఆ మయోసిన్ తల పట్టు వదలాలంటే ఏటీపీ, అంటే కణాలకు శక్తినిచ్చే అణువు, వచ్చి అంటుకోవాలి. ప్రాణం పోయాక ఒళ్లు కొయ్యబారేది అందుకే, వదిలించే ఏటీపీ ఉండదు. కండలో ఉన్న ఏటీపీ కొద్ది సెకన్లకే సరిపోతుంది. వెంటనే దాన్ని నింపేది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 130 కిలోలు తలపైకి లేపిన ఆ కొద్ది సెకన్లకూ ప్రధానంగా ఇదే ఆధారం. సెట్టుకీ సెట్టుకీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగమనేది ఆ నిల్వ మళ్లీ నిండడానికే. తొందరపడకండి.

ఇక టేపు సంగతి. బరువు పెరిగేకొద్దీ మెదడు ఎక్కువ నరాలను, వాటితో ఎక్కువ పోగులను పనిలోకి పిలుస్తుంది. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం ఈ పిలుపు మెరుగుపడటం వల్లే. పోగులు లావెక్కడం కంటికి కనపడేది ఆ తర్వాత. ఎనిమిది కిలోలు ఎత్తినవాడు పది ఎత్తుతున్నాడంటే వాడు ఎదుగుతున్నట్టే. టేపు పక్కన పెట్టి, ఎత్తిన కిలోలు నోటుపుస్తకంలో రాసుకోండి.

ఎత్తిన బరువును మాత్రం ధభాలున వదిలేయకండి. ఎత్తలేని బరువును కూడా కండ ఆపుకుంటూ దించగలదు. మూడు లెక్కపెడుతూ దించండి, ఆ దించడంలోనూ కండకు పని ఉంది.