ముందు మనిషిని వెతకండి, తర్వాత బీరువా తెరవండి

అందరికీ నమస్కారం. గుంటూరు వాళ్లతో పాటు విజయవాడ నుంచి, మంగళగిరి నుంచి కూడా ఇవాళ చాలామంది వచ్చారు. సంతోషం.

పెద్ద ఇల్లు వదిలి రెండు గదుల అపార్టుమెంటుకు మారేవాళ్లు, పిల్లల దగ్గరికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయేవాళ్లు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "పిన్నీ, ఈ కుట్టుమిషను, ఈ గుడ్డలన్నీ ఏం చేయమంటారు?" అని. వంటసామాను సంగతి ఎవరూ అడగరు. అందులో ఏది ఉంచుకోవాలో, ఏది ఎవరికివ్వాలో వాళ్లకే తెలుసు. కుట్టుసామాను దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడదు. బొంతలు కుట్టేవాళ్లకైతే మరీ కష్టం. ఆ బీరువాలో ప్రతి ముక్కా ఎప్పుడో కుడదామని దాచుకున్నదే కదా. ఇవాళ, రేపు అంటూ వాయిదా వేస్తాం. సామాను లారీ వచ్చే ముందురోజు పాత సామాన్ల బండి అతన్ని పిలిచి తూకానికి వేసేస్తాం. మిషనుకు ఇనుము ధర వస్తుంది. మంచి కత్తెర ఆ ఇనుములోనే పోతుంది. మీటర్ల కొద్దీ మంగళగిరి కాటన్ పాతగుడ్డల లెక్కలోకి వెళ్తుంది. చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకని నేను చెప్పేదేమిటంటే, వరస మార్చండి. ముందు మనిషిని వెతకండి, తర్వాత బీరువా తెరవండి. బీరువా ముందు తెరిస్తే ఎంత పెట్టి కొన్నాం, ఎవరు ఇచ్చారు అనే ఆలోచనల్లో సాయంత్రం అయిపోతుంది, బీరువా మళ్లీ మూసేస్తాం. అదే పక్క లైనులో ఒకమ్మాయి జాకెట్లు కుట్టడం నేర్చుకుంటోందని తెలిసిందనుకోండి, ఆమెకి ఏం కావాలో మనకి తెలుసు. చెయ్యి దానంతటదే అరలోకి వెళ్తుంది.

ఆ మనిషి ఎక్కడ దొరుకుతుంది? మీరు ఫాల్స్, పీకో వేయించుకునే మ్యాచింగ్ సెంటర్ అతన్ని అడగండి. పేటలో ఎవరు కుడుతున్నారో, ఎవరు కొత్తగా మొదలుపెట్టారో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పట్టణాల్లో పొదుపు సంఘాలు మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, కింద ఉన్నాయి. మీ వార్డులో ఆ సంఘాల్ని చూసుకునే ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ని) అడిగితే సంఘంలో కుట్టుపని మీద బతికేవాళ్ల పేర్లు చెబుతారు. ఐటీఐల్లో కుట్టుపని ట్రేడు ఉంటుంది, కాలేజీల్లో ఫ్యాషన్ డిజైనింగ్ పిల్లలు ఉంటారు. వాళ్ల మేడమ్‌తో ఒకసారి మాట్లాడండి.

మనిషి దొరికాక, "ఇది తీసుకుంటావా?" అని మాత్రం అడక్కండి. మొహమాటానికి ఎవరైనా తీసుకుంటారు. "నీకిప్పుడు ఏది లేక పని ఆగుతోంది?" అని అడగండి. మనం మిషను అనుకుంటాం. ఆమె మంచి కత్తెర అంటుంది, లేకపోతే గుడ్డ పరిచి కోసుకోవడానికి బల్ల అంటుంది. 2023 సెప్టెంబరులో కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం పెట్టింది. అందులోని 18 వృత్తుల్లో దర్జీపని ఒకటి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉంది. కాబట్టి కొందరికి మిషను ఈపాటికే వచ్చి ఉంటుంది. కనుక్కోకుండా ఇంకోటి ఇస్తే అది వాళ్ల ఇంట్లో మూలన పడుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది ఇంట్లో ఉంటూ మిషను మీద బతికే ఆడమనిషికి అదెంత దెబ్బో ఇక్కడున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నీళ్లలో మునిగిన మిషను తలకాయని వెంటనే విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె పెడితే చాలావరకు మళ్లీ ఆడుతుంది. మోటారుకి ఆ నమ్మకం లేదు. అలాంటి ఇంట్లో కావలసింది ఒక మోటారు, ఒక బెల్టు, నాలుగు సూదులు. ఇలాంటప్పుడు మన దగ్గరున్నది పట్టుకెళ్లి ఇచ్చి రావడం కన్నా, వాళ్లకి లేనిది కనుక్కుని ఇవ్వడం వందరెట్లు మేలు.

ఇక మిషను సంగతి కాస్త వివరంగా చెబుతాను, అమ్మినా ఊరికే ఇచ్చినా. దాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వకండి. తలకాయని వెనక్కి వాల్చి అడుగున చూడండి. ఏళ్ల తరబడి చేరిన నూగు, దారపు పోగులు కలిసి ముద్ద కట్టి ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో దులపండి. గుడ్డని ముందుకి లాగే పళ్ల మధ్య కూడా దులపండి. చేతికి అందింది కదా అని కొబ్బరినూనె పోసిన మిషన్లు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. అది కొన్నాళ్లకి జిగురై చక్రాన్ని పట్టేస్తుంది. మిషను నూనె ఒక్కో చుక్క వేసి, దారం లేకుండా కాసేపు తొక్కి, నల్లగా ఊరిన మురికిని తుడిచి, మళ్లీ చుక్క వేయండి. తర్వాత కొత్త సూది పెట్టి, పైన ఎర్ర దారం, కింద బాబిన్‌లో, అంటే కింది దారం చుట్టే చిన్న చక్రంలో, తెల్ల దారం వేసి, తెల్ల గుడ్డ మీద జానెడు కుట్టండి. ఎరుపు కిందికి దిగకుండా, తెలుపు పైకి తేలకుండా ఉంటే టెన్షన్, అంటే దారాల బిగువు, సరిగ్గా ఉన్నట్టు. ఆ ముక్క కోసి మిషనుకే కట్టేయండి. చూసేవాళ్లకి దాన్ని మించిన గ్యారంటీ కార్డు లేదు.

బాబిన్ కూర్చునే చిన్న డబ్బా, అదే బాబిన్ కేసు, వేరే సామానులో కలిసిపోకుండా చూసుకోండి. బొటనవేలంత వస్తువు, అది లేకపోతే మిషను ఒక్క కుట్టు వేయదు. బాబిన్లు, సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే పాదాలు, స్క్రూడ్రైవరు అన్నీ ఒక గుడ్డసంచిలో వేసి మిషనుతోనే పంపండి. బొంతలు కుట్టడానికి మనం విడిగా కొనుక్కున్న పాదాలు, అంటే పొరలన్నిటినీ సమానంగా నడిపించే వాకింగ్ ఫుట్ లాంటివి, అన్ని మిషన్లకీ సరిపోవు. వాటిని విడిగా ఇంకొకరికి ఇస్తే ఎవరికీ అక్కరకు రాకుండా పోతాయి. సూదులూ అంతే. ఇంటి మిషను సూదికి పైభాగం ఒకవైపు చదునుగా ఉంటుంది, షాపుల్లోని పవర్ మిషను సూదికి గుండ్రంగా ఉంటుంది. రెండూ కలిపి ఒకే డబ్బాలో పోసి ఇవ్వకండి.

మా ఇంట్లో తాతల నాటి నల్ల సింగర్ ఉంది, లక్షలు పలుకుతుందట కదా అని అడిగేవాళ్లున్నారు. సింగర్ మొదటి పేటెంటు 1851 నాటిది. అప్పటి నుంచి ఆ కంపెనీ మిషన్లు కోట్లలో చేసింది. పాతదైనంత మాత్రాన ధర రాదు. బాగా నడుస్తుంటే, బల్ల, పెడలు చెదరకుండా ఉంటే మంచి ధర వస్తుంది. నా మాటగా చెబుతున్నాను, నడిచే మిషనుకి కొత్తదాని ధరలో సగం వస్తే సంతోషంగా ఇచ్చేయండి. తొక్కే మిషనుకి కరెంటుతో పని లేదు, నేర్చుకునేవాళ్లకి అది వరం.

బొంతలకని ప్రత్యేకంగా కొన్న పనిముట్లు వేరే జాతి. గుండ్రటి బ్లేడుని దొర్లించి గుడ్డ కోసే రోటరీ కట్టరు, కింద పరుచుకునే మ్యాటు, అడ్డంగా నిలువుగా గీతలున్న ప్లాస్టిక్ స్కేళ్లు. రోటరీ కట్టరుని జపాన్‌లో ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చింది. మన పేటలోని టైలరుకి దానితో పని లేదు, ఆయన కత్తెర ఆయనకి చాలు. ఇవి ముక్కల బొంతలు, సంచులు, టేబుల్ మ్యాట్లు కుట్టేవాళ్లకి, ఆ డిజైనింగ్ చదివే పిల్లలకి వెళ్లాలి. మ్యాటుని నిలబెట్టొద్దు, చుట్టొద్దు, మన మే నెల ఎండలో ఆటో వెనక అసలే పెట్టొద్దు. ఒకసారి వంకర తిరిగితే మళ్లీ చదును కాదు. వాడేసిన బ్లేళ్లు మందంపాటి డబ్బాలో వేసి, టేపు చుట్టి, పైన రాసి పడేయండి. చెత్త ఎత్తే అమ్మ చేతులు కూడా మనకి గుర్తుండాలి.

గుడ్డ టేపులు ఇచ్చే ముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడండి. పాతవి సాగిపోతాయి. అర అంగుళం తేడా ఉన్న టేపు కొత్తగా నేర్చుకునే పిల్ల చేతికిస్తే, జాకెట్టు బిగుతో వదులో అయ్యి తనకి పని రాదేమో అనుకుంటుంది. అలాంటివి పారేయండి.

ఇప్పుడు గుడ్డలు. అసలు దుఃఖమంతా ఇక్కడే ఉంది. విజయవాడ వస్త్రలత మార్కెట్లో బేరమాడి తెచ్చిన కట్ పీసులు, బీసెంట్ రోడ్డులో చూడగానే నచ్చి కొన్నవి, అమ్మ చీరల్లోంచి కోసినవి. అన్నీ ఒకచోట పోసి కూర్చోకండి, రోజుకి ఒక్క అర తీయండి. మీటరు పైన ఉన్నవి ఒక పక్క, అంతకన్నా చిన్నవి ఒక పక్క. మడతల మీద రంగు వెలిసిందేమో చూడండి, వెలుతురుకి పట్టి చిల్లులు చూడండి. ఏం గుడ్డో గుర్తులేకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి, పటకారుతో పట్టుకుని, సింకు దగ్గర వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తని బూడిద రాలుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూస కడుతుంది. తర్వాత చీటీ రాసి పిన్నుతో గుచ్చండి: ఎంత పొడవు, నూలా కాదా, ఉతికినదా ఉతకనిదా. ఉతకని నూలు తర్వాత కుంచించుకుపోతుంది, రంగు దిగుతుంది. ఆ సంగతి తెలియకుండా కుట్టినామె బొంత మొదటి ఉతుకులోనే పాడవుతుంది. ఆ చీటీ రాయడానికి నిమిషం పడుతుంది, దయచేసి మానకండి.

చిన్న ముక్కలు అనాథాశ్రమాలకి మూట కట్టి పంపే అలవాటు మనకుంది. వాళ్లకి ముక్కలతో ఏం పని? వాళ్లకి కావలసింది కప్పుకోవడానికి పనికొచ్చే బొంత. ముక్కలు ముక్కలతో పని చేసేవాళ్లకే చేరాలి. కాళ్లు తుడుచుకునే పట్టాలు అల్లేవాళ్లున్నారు, దిండ్లు నింపేవాళ్లున్నారు. 1999లో మొదలైన గూంజ్ సంస్థ పాత నూలుగుడ్డల్ని శుభ్రం చేసి, ఆడపిల్లలకి నెలసరి గుడ్డలు తయారుచేస్తోంది. పాత నూలు ఎంత విలువైనదో ఆ పని చూస్తే తెలుస్తుంది.

దారాల సంగతి సులువు. మూరెడు తీసి రెండు చేతులతో గట్టిగా లాగండి. పుటుక్కున తెగితే చెత్తబుట్టలో వేయండి. ఎలాస్టిక్ సాగదీస్తే వెనక్కి రాకపోయినా, హుక్కులు తుప్పు పట్టినా అంతే. దూది ఎండలో వేసి, బూజు వాసన లేకపోతే దిండ్లకి ఇవ్వండి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి ఒక్క జాగ్రత్త. డబ్బు మనకి రావాలంటే మనం పిన్ కొట్టక్కర్లేదు, ఎవరి క్యూఆర్ కోడూ స్కాన్ చేయక్కర్లేదు. అలా చేయమన్నవాడు కొనడానికి వచ్చినవాడు కాదు. ఫోన్ పెట్టేయండి.

సగంలో ఆగిన బొంతలు మిగిలాయి. అందరి ఇళ్లలోనూ ఉంటాయి. అమ్మ చీర ముక్కలతో మొదలుపెట్టింది ఎవరికో ఎలా ఇస్తామంటారు. ఇవ్వకండి, పూర్తిచేయండి. దగ్గర దగ్గరగా కుట్లు వేసే ఓపిక లేకపోతే, పైగుడ్డ, దూది, అస్తరు మూడూ పరిచి, నాలుగేసి అంగుళాలకొకటి గట్టి దారంతో గుచ్చి ముడి వేయండి, అంచు మడిచి మిషను మీద ఒక్క వరస పోనివ్వండి. బొంత నిలుస్తుంది. మన ఇళ్లలో పుట్టిన బిడ్డని మొదట పడుకోబెట్టేది అమ్మమ్మ చీర బొంత మీదే. మనవలెవరికైనా అది చాలు. ఆ ఒక్కదాని కోసమైనా మిషనుని చిట్టచివర ఇవ్వండి, అన్నిటికన్నా ముందు ఇచ్చేయకండి.

నా కత్తెరలు, స్కేళ్లు, పాదాలు, చీటీలు గుచ్చిన గుడ్డలు ఆ మూల బల్ల మీద పెట్టాను. పని ఉన్నవాళ్లు చూసుకుని తీసుకెళ్లండి, డబ్బులేమీ వద్దు. రోటరీ కట్టరు కావాలన్నవాళ్లు మాత్రం ఒక ఐదు నిమిషాలు నా దగ్గర కూర్చోవాలి. బ్లేడు ఎలా మూయాలో, స్కేలు మీద వేళ్లు ఎక్కడ ఉంచాలో మీ చేత చేయించాకే ఇస్తాను.