ఒకే డల్లాస్ మహానగర ప్రాంతానికి మూడు వర్క్‌ఫోర్స్ బోర్డులెందుకు?

నమస్తే అండీ. వర్క్‌ఫోర్స్ ఏరియా అంటే ఉద్యోగ శిక్షణకి కేంద్రం ఇచ్చే డబ్బుని ఒక స్థానిక బోర్డు చూసుకునే ప్రాంతం. ఉద్యోగం పోయినవాళ్లకి ట్రైనింగ్ సాయం గురించి మాట్లాడినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది, వింటే చిరాకేస్తుంది: "ఈ వర్క్‌ఫోర్స్ ఏరియాలు వాషింగ్టన్ వాళ్లు గీసినవి, మన కౌంటీకి సంబంధం లేదు." సంబంధం లేకపోవడమేంటండీ, ఆ డబ్బుకి పూచీ పడేదే కౌంటీ!

ఆంధ్రాలో 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు తెలుసుగా. వాటి హద్దు ఊరి పొలిమేరతో ఆగదు, కాలువ నీరు ఎంతవరకు పారితే అంతవరకు ఆయకట్టు. వర్క్‌ఫోర్స్ ఏరియా వెనక ఆలోచన కూడా అదే. ఇక్కడ పారేది పొద్దున్నే పనికి బయల్దేరే జనం. వాళ్లు ఎక్కడుండి ఎక్కడ పనిచేస్తున్నారు, అదంతా ఒకే ఆర్థిక ప్రాంతమా, అక్కడ కాలేజీలు, శిక్షణ సంస్థలు సరిపడా ఉన్నాయా అన్నవి చూడమంటుంది 2014 నాటి డబ్ల్యూఐఓఏ (వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ యాక్ట్) అనే కేంద్ర చట్టం.

(మ్యాప్)

మరి ఇది చూడండి. డల్లాస్ కౌంటీ ఒక ఏరియా. టారంట్ ఇంకొకటి. వాటి చుట్టూ కాలిన్, డెంటన్‌తో కలిపి 14 కౌంటీలు నార్త్ సెంట్రల్ టెక్సస్ ఏరియా. కాలిన్, డెంటన్ కౌంటీల్లోని ఫ్రిస్కోలో ఉంటూ డల్లాస్ కౌంటీలోని ఇర్వింగ్‌లో పనిచేసేవాళ్లు రోజూ ఒక ఏరియాలోంచి ఇంకో ఏరియాలోకి వెళ్తారు. కాలువ ఒకటే, సంఘాలు మూడు! ఎందుకంటే పాత ఏరియా బాగా పనిచేసి, లెక్కలు సరిగ్గా ఉంచుకుంటే, అలాగే కొనసాగనివ్వమని అడగొచ్చు. టెక్సస్ ఈ స్థానిక బోర్డులకి 1995లోనే చట్టం చేసింది. నన్నడిగితే ఇది మంచిదే. డల్లాస్‌తో ఒకే బోర్డులో కలిపేస్తే ఆ 14లో ఒకటైన ఎరాత్ లాంటి చిన్న కౌంటీ గొంతు ఎవరికి వినపడుతుంది?

ఏరియాని ప్రకటించేది గవర్నర్. రాష్ట్ర బోర్డుతో, స్థానికంగా ఎన్నికైన పెద్దలతో సంప్రదించి, ప్రజల అభిప్రాయాలు తీసుకున్నాకే ప్రకటించాలి. ఆ పెద్దల్లో ముఖ్యులు కౌంటీ జడ్జీలు. పేరు జడ్జి అయినా, టెక్సస్‌లో ఆయన కౌంటీ పాలన నడిపే మనిషి.

అసలు కథ ఇక్కడుంది. ఒకే ఆయకట్టులో పది ఊళ్లుంటే గేటు తాళం ఎవరి దగ్గరుండాలి? 14 కౌంటీలకీ అదే పేచీ. అందుకే ఒక ఒప్పందం రాసుకుంటారు: బోర్డులో ఎవరు ఎంతమందిని వేస్తారు, డబ్బు ఎవరి చేతికొస్తుంది, తేడా వస్తే ఎవరు కట్టాలి. లెక్కలు చూసే పని వేరే సంస్థకి అప్పగించినా, దుర్వినియోగం జరిగితే బాధ్యత ఎన్నికైన పెద్దలదే; ఆ భారం గవర్నర్ తీసుకుంటానని ఒప్పుకుంటే తప్ప. ఒప్పందం కుదరలేదా, బోర్డు సభ్యులని గవర్నరే వేసేయొచ్చు. ఈ ఒక్క నిబంధన చాలు, అందరూ టేబుల్ దగ్గరికి రావడానికి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. బోర్డులో సగానికి మించి వ్యాపారులుండాలి, కనీసం 20 శాతం కార్మికుల తరఫువాళ్లు. గవర్నర్ రెండేళ్లకోసారి బోర్డుని సర్టిఫై చేయాలి. ఏరియాగా కొనసాగనివ్వకపోతే రాష్ట్ర బోర్డుకి, అక్కడా కాదంటే కేంద్ర కార్మిక మంత్రికి అప్పీల్ చేసుకోవచ్చు. పక్కపక్క ఏరియాలు కలిసి రీజియన్‌గా ప్లాన్ వేసుకోవచ్చు, రాష్ట్రం హద్దు దాటి కూడా.

బోర్డు మీటింగులకి ఎవరైనా వెళ్లొచ్చు. వెళ్లినప్పుడు ఆ ఒప్పందం కాపీ అడగండి, మీ కౌంటీ తరఫున సంతకం ఎవరిదో చూడండి.