ట్రైలర్‌కు క్యాంప్‌గ్రౌండ్ కరెంటు అందకపోతే ఎక్కడి నుంచి వెతకాలి

నమస్కారం. ప్రయాణాల్లో ఇల్లులా వాడుకునే ట్రైలర్‌ను క్యాంప్‌గ్రౌండ్ సైటులో నిలిపారు, కేబుల్ కలిపారు. లోపల లైట్లు వెలుగుతున్నాయి, నీళ్ల పంపు తిరుగుతోంది. కానీ ఏసీ ఉలకదు, మైక్రోవేవ్ మీద అంకెలు కనిపించవు, గోడ సాకెట్లో పెట్టిన ఫోను ఛార్జ్ కాదు. లైట్లు ఉన్నాయి కాబట్టి కరెంటు వచ్చినట్టే అనుకుని చాలామంది ఏసీని అనుమానిస్తారు. నిజానికి ఆ లైట్లు, పంపు నడిచేది 12 వోల్టుల బ్యాటరీ మీద. ఏసీకి, మైక్రోవేవ్‌కు, గోడ సాకెట్లకు కావలసింది బయటి నుంచి వచ్చే 120 వోల్టులు. ఇవన్నీ ఒకేసారి ఆగిపోయాయంటే లోపం ఏసీలో లేదు, కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోయింది.

అమెరికా క్యాంప్‌గ్రౌండ్లలో మామూలుగా కనిపించే 30 ఆంపుల కనెక్షన్‌నే ఈరోజు చూద్దాం. కరెంటు వచ్చే దారిలోనే మనమూ నడుద్దాం: సైటు పక్కన ఉండే కరెంటు స్తంభం, అంటే పెడెస్టల్, కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్, కేబుల్, కేబుల్ కొన దూరే ట్రైలర్ గోడ మీది ఇన్‌లెట్, లోపలి బ్రేకర్ పెట్టె. ఈ వరుస వదిలి ముందే లోపలి ప్యానెల్ విప్పడం మొదలుపెడితే సాయంత్రమంతా దానికే పోతుంది.

ముందుగా పెడెస్టల్. ఈ బ్రేకర్ చూడండి. ట్రిప్ అయినప్పుడు దీని మీట పూర్తిగా కిందికి పడదు, మధ్యలో ఆగుతుంది. దూరం నుంచి చూస్తే ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని మీటను పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి, ఆ తర్వాతే ఆన్ చేయండి. చాలాసార్లు సమస్య ఇక్కడే తీరిపోతుంది.

తీరకపోతే బ్రేకర్ ఆఫ్ చేసి ప్లగ్ తీయండి. ప్లగ్ పెట్టేముందు, తీసేముందు బ్రేకర్ ఆఫ్‌లో ఉండాలి. ఈ ఒక్క అలవాటును మాత్రం దయచేసి వదలకండి. లోపల ఏసీ నడుస్తుండగా ప్లగ్ లాగితే నిప్పురవ్వ పుట్టి పిన్ను, సాకెట్టు రెండూ కాలతాయి. మీకంటే ముందు ఆ సైటులో దిగినవాళ్లు అలా లాగి ఉంటే, కాలిన సాకెట్టు మీ వంతుకు వస్తుంది.

ఇప్పుడు వోల్టులు కొలిచే మల్టీమీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి, బ్రేకర్ ఆన్ చేసి, సాకెట్లో కొలుద్దాం. నేల తడిగా ఉంటే, వాన పడుతుంటే ఈ పని చేయవద్దు. మీటర్ కడ్డీల లోహం మీద వేళ్లు పడకూడదు. రెండు ఏటవాలు రంధ్రాల మధ్య, అంటే ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య, 120కి దగ్గరగా రావాలి. ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య కూడా అంతే రావాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య దాదాపు సున్నా ఉండాలి. ఆంధ్రలో, తెలంగాణలో 230 వోల్టులు చూసి పెరిగిన మన కంటికి మీటర్ మీద 240 కనిపిస్తే ఏ తేడా తోచదు. 30 ఆంపుల సాకెట్లో అది ప్రమాదం. ట్రైలర్‌ను కలిపితే లోపలి ఉపకరణాలు కాలిపోతాయి. ఇంటి దగ్గర ట్రైలర్ కోసం కొత్త సాకెట్టు పెట్టించుకున్నవాళ్లు ముఖ్యంగా జాగ్రత్త పడాలి. దీన్ని బట్టలారబెట్టే యంత్రపు సాకెట్టుగా పొరబడి 240 కలిపే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. కొలవకుండా మాత్రం ట్రైలర్‌ను కలపకండి.

సాకెట్లో కరెంటే లేకపోతే పని క్యాంప్‌గ్రౌండ్ వాళ్లది. పెడెస్టల్ మూత మీరు విప్పవద్దు, వేరే సైటు అడగండి.

తర్వాత సర్జ్ ప్రొటెక్టర్. వోల్టేజీని కూడా కనిపెట్టే రకమైతే, కరెంటు ఇచ్చాక రెండు నిమిషాలకు పైగా ఆగి కలపవచ్చు. ఏసీ కంప్రెసర్‌ను కాపాడడానికే ఆ ఆలస్యం. వోల్టేజీ దాదాపు 104 కంటే పడిపోయినా అది లైను తెంచేస్తుంది. మండు వేసవి మధ్యాహ్నం అందరి ఏసీలూ నడిచే వేళ పాత క్యాంప్‌గ్రౌండ్లలో ఇది జరుగుతుంది. ఎర్త్ లేదని కోడ్ చూపిస్తే మాత్రం దాన్ని పక్కకు తీసేసి ట్రైలర్‌ను నేరుగా కలపకండి. ఎర్త్ లేని ట్రైలర్‌లో ఎక్కడైనా కరెంటు లీకైతే దాని లోహపు ఒళ్లంతా ఫేజ్ అవుతుంది. తడి గడ్డి మీద చెప్పులు లేకుండా నిలబడి తలుపు పట్టుకునే పిల్లల సంగతి ఆలోచించండి.

ఇక కేబుల్. నా దృష్టిలో అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసింది దీని రెండు కొనలనే. తీగ మధ్యలో తెగడం అరుదు, కాలేది కలిసే చోటే. ట్రైలర్ వైపు కొనను చాలామంది లోపలికి తోసి వదిలేస్తారు. దాన్ని తోశాక కుడివైపుకు తిప్పి, బయటి రింగు కూడా బిగించాలి. పట్టు వదులైతే ఆ చోట నిరోధం పెరుగుతుంది, నిరోధంతో వేడి పుడుతుంది, వేడికి లోపలి స్ప్రింగు పట్టు ఇంకా సడలుతుంది. చివరికి ఇదిగో, ఇలా ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి కరుగుతుంది. ఈ స్థితికి వచ్చిన పిన్నును గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడడం నేను ఒప్పుకోను. కొనను, ఇన్‌లెట్‌ను రెండింటినీ మార్చండి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని కాలుస్తుంది. ఏసీ ఒక గంట నడిచాక కొన మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి నిలవనంత వేడి ఉంటే వెంటనే ఆపండి.

కేబుల్ బాగుంటే లోపలికి వెళదాం. ముందు మెయిన్ బ్రేకర్‌ను కూడా ఆఫ్ చేసి ఆన్ చేయండి. కొన్ని సాకెట్లు మాత్రమే పనిచేయకపోతే బాత్‌రూమ్‌లో ఉండే జీఎఫ్‌సీఐ సాకెట్టు (కరెంటు లీకైతే తెంచేసే రకం) రీసెట్ బటన్ నొక్కండి. వంటగట్టు సాకెట్టు, బయటి గోడ మీది సాకెట్టు చాలా ట్రైలర్లలో దాని ద్వారానే కరెంటు అందుకుంటాయి. జనరేటర్ ఉన్న ట్రైలర్లలో బయటి కరెంటుకు, జనరేటర్‌కు మధ్య మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ కూడా ఉంటుంది. దాని లోపల కాలిన వాసన వస్తే తెలిసినవాళ్లకు అప్పగించండి.

బ్రేకర్ ఆన్ చేసిన కాసేపటికి మళ్లీ పడిపోతోందా? అయితే లెక్క వేయండి. ఏసీ సుమారు 13 ఆంపులు, వాటర్ హీటర్ 12, మైక్రోవేవ్ మరో 12. మూడూ కలిపితే 37, బ్రేకర్ మోసేది 30. అలాంటప్పుడు వాటర్ హీటర్‌ను గ్యాస్ మీదికి మార్చండి. అన్నీ ఆఫ్‌లో ఉన్నా బ్రేకర్ పడిపోతుంటే, ఒక్కొక్క చిన్న బ్రేకర్‌నే వేస్తూ ఏది వేసినప్పుడు పడుతుందో చూడండి. నీళ్లు లేని ట్యాంకుతో వాటర్ హీటర్ వేసి ఉంటే, కాలిన ఎలిమెంటే కారణం కావచ్చు.

అన్నీ వచ్చాక బ్యాటరీ దగ్గర కొలవండి. ఈసారి మీటర్ డీసీ (బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు) మీద ఉండాలి. 13.6 వోల్టుల చుట్టుపక్కల ఉంటే, బయటి కరెంటును డీసీగా మార్చే కన్వర్టర్ బ్యాటరీని ఛార్జ్ చేస్తున్నట్టు. 12.6 చూపించి మెల్లగా దిగుతుంటే కన్వర్టర్‌కు కరెంటు అందడం లేదు, లేదా దాని ఫ్యూజులు పోయాయి. బ్యాటరీ మార్చినప్పుడు తీగలు తారుమారైతే పోయేవి ఆ ఫ్యూజులే. కరెంటు తెంచి, బ్యాటరీ తీగ విప్పి, అదే ఆంపుల ఫ్యూజులు వేయండి.