ఒక్కసారిగా చెవి వినపడకపోతే: స్టిరాయిడ్ ట్రయల్స్ ఏం తేల్చాయి?

[తెర మీద: ఖాళీ ఆడియోగ్రామ్]

పొద్దున లేచేసరికి ఒక చెవి దిబ్బడేసినట్టుంటుంది, లోపల గుయ్యిమని మోత. గులిమి అడ్డుపడిందిలే అని చుక్కలు వేసుకుంటూ వారం గడిపేస్తారు చాలామంది. విలువైన రోజులు అలానే పోతాయి.

నోరు మూసుకుని "మ్‌మ్" అని కూనిరాగం తీయండి. దిబ్బడేసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే అడ్డు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉండొచ్చు. బాగున్న చెవి వైపు వినిపిస్తే అనుమానం లోపలి చెవి మీద. తేల్చాల్సింది మాత్రం ఆడియోగ్రామే, అంటే వినికిడి పరీక్ష గ్రాఫే: 72 గంటల్లోపు వచ్చిన తగ్గుదల, వరుసగా 3 ఫ్రీక్వెన్సీల్లో (స్వర స్థాయిల్లో), కనీసం 30 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) ఉందా అని.

[తెర మీద: రెండు గుంపుల బొమ్మలు]

ఇక ఈ లోపలి చెవి సమస్యకు స్టిరాయిడ్ మందులు పనిచేస్తాయా అన్న పరిశోధన. ఇక్కడ పెద్ద చిక్కుంది. ఏ మందూ లేకుండానే దాదాపు 32 నుంచి 65 శాతం మంది ఎంతోకొంత కోలుకుంటారని అంచనా. అంటే వందమందికి ఉత్త మంచినీళ్లు ఇచ్చినా "సగం మందికి గుణం కనిపించింది" అని చెప్పుకోవచ్చు! అందుకే పోల్చి చూసే గుంపు లేని ఫలితాన్ని నమ్మకండి.

1980లో అమెరికాలో జరిగిన డబుల్ బ్లైండ్ (ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియని) ట్రయల్‌లో స్టిరాయిడ్ వాడినవారిలో 61 శాతం, ప్లాసిబో (మందులేని ఉత్త మాత్ర) వాడినవారిలో 32 శాతం కోలుకున్నారు. స్టిరాయిడ్ వాడకానికి పునాది ఇదే. కానీ అందులో ఉన్నది 67 మందే, తర్వాతి ట్రయల్స్ కొన్ని దాన్ని బలపరచలేదు.

2011 నాటి ట్రయల్‌లో 250 మంది. సగం మందికి 14 రోజులు రోజుకు 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ అనే స్టిరాయిడ్ మాత్రలు, ఆపై 5 రోజులు తగ్గిస్తూ. మిగతావారికి రెండు వారాల్లో 4 సార్లు కర్ణభేరి గుండా స్టిరాయిడ్ ఇంజెక్షన్. రెండు నెలలకు మెరుగుదల మాత్రలతో 30.7, ఇంజెక్షన్‌తో 28.7 డెసిబెల్స్. ఇంజెక్షన్ మాత్రలకు తీసిపోలేదన్నమాట. షుగర్ ఉన్నవారికి ఇది నిజంగా మంచి కబురు, మాత్రలతో షుగర్ పెరుగుతుంది కదా. ఇంజెక్షన్‌తో నొప్పి, కాసేపు తల తిరగడం, అరుదుగా కర్ణభేరికి చిల్లు మిగలడం ఉంటాయి. వేశాక ఆ చెవి పైకి ఉండేలా పడుకోవాలి, గుటక వేయకూడదు. మింగితే మందు గొంతులోకి జారిపోతుంది.

"డోసు పెంచితే?" అన్న ప్రశ్నకు 2024లో జర్మనీ ట్రయల్ జవాబిచ్చింది. 5 రోజులు రోజుకు 250 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ నరంలోకి ఎక్కించినవారిలో మెరుగుదల 34 డెసిబెల్స్. మామూలు 60 మిల్లీగ్రాముల మాత్రలతో 41! పెద్ద డోసుతో లాభం లేదు, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి.

[తెర మీద: 90 నుంచి 80కి కదిలే గీత]

"మెరుగుదల" అన్న మాట దగ్గరా జాగ్రత్త. 90 డెసిబెల్స్ లోటు 80కి తగ్గితే లెక్కలో మెరుగే, మాట మాత్రం అర్థం కాదు. మాటలు గుర్తుపట్టే పరీక్ష ఫలితం కూడా ఇచ్చారేమో చూడండి.

చికిత్స మొదటి 2 వారాల్లోపు మొదలవ్వాలి. గుణం చాలకపోతే 2 నుంచి 6 వారాల మధ్య ఇంజెక్షన్‌కు ఇంకో అవకాశం ఉంటుంది. వినికిడి నరం మీద గడ్డ లేదని తేల్చుకోవడానికి ఎమ్మారై కూడా కావాలి, చెవి బాగైనా సరే. చికిత్స అయ్యాక ఒకసారి, 6 నెలల్లోపు మరోసారి ఆడియోగ్రామ్ తీయించి, మొదటిదాని పక్కన పెట్టి చూపించమని అడగండి.